సరస్సు ఒకవైపు, సముద్రం ఇంకోవైపు: మంగో బ్రష్, ద రూయిన్స్, హోబార్ట్ బీచ్‌లలో టెంట్ ఎక్కడ వేయాలి?

ఆస్ట్రేలియాలో సంక్రాంతి నడి ఎండాకాలంలో వస్తుంది. భోగి మంట వేద్దామంటే ఫైర్ బ్యాన్ ఉందేమోనని ఫోన్ చూసుకోవాలి. కానీ బళ్ళకు అప్పుడు పెద్ద సెలవులు. అందుకే దసరా దాటిందంటే చాలు, సిడ్నీలో మా తెలుగు కుటుంబాల మధ్య ఒకటే చర్చ: ఈసారి క్యాంపింగ్ ఎక్కడికి? ఎవరో ఒకరు సరస్సు ఒడ్డున సూర్యాస్తమయం ఫొటో పెడతారు. అందరూ "వావ్" అంటారు. ఆ ఫొటో చూసే బుక్ చేస్తారు. అక్కడికి వెళ్ళాక రాత్రి రెండింటికి పెద్దావిడ లేచి "బాత్రూమ్ ఎటమ్మా?" అని అడిగినప్పుడు గానీ అసలు సంగతి బోధపడదు.

న్యూ సౌత్ వేల్స్‌లో నేషనల్ పార్కుల వాళ్ళ క్యాంప్‌గ్రౌండ్లు చాలానే ఉన్నా, ఒకవైపు సరస్సూ ఇంకోవైపు సముద్రమూ ఉండి, మామూలు కారులో పిల్లాజెల్లాతో వెళ్ళగలిగినవి అడిగితే నేను మూడు పేర్లు చెబుతాను. మయాల్ లేక్స్ నేషనల్ పార్కులో మంగో బ్రష్, బూటి బూటి నేషనల్ పార్కులో ద రూయిన్స్, దక్షిణాన బోర్న్‌డా నేషనల్ పార్కులో హోబార్ట్ బీచ్. మూడింటికీ ఒకటికి రెండుసార్లు వెళ్ళాను. మూడుచోట్లా ఏదో ఒక తప్పు చేసి వచ్చాను కూడా.

నెల్లూరు వైపు వాళ్ళకు ఈ నేల ఎలా ఉంటుందో పెద్దగా చెప్పనక్కర్లేదు. పులికాట్ సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య శ్రీహరికోట అడ్డంగా పడుకున్నట్టే, ఇక్కడా సరస్సుకీ పసిఫిక్‌కీ మధ్య ఇసుక దిబ్బల పట్టీ ఒకటి ఉంటుంది. ఆ పట్టీ మీదో, దాని దాపునో మన టెంట్. కొన్నిచోట్ల ముఖద్వారం ఇసుకతో పూడిపోవడం, మళ్ళీ తెగడం కూడా పులికాట్ కథే. తేడా ఏమిటంటే ఇక్కడ పక్కన ఊరు ఉండదు, టీ కొట్టు ఉండదు, కరెంటు అసలే ఉండదు. మూడు చోట్లా ప్లగ్ పాయింట్ లేదు. రైస్ కుక్కర్ ఇంట్లోనే వదిలేయండి.

ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే: మనతో వచ్చేవాళ్ళలో అందరికంటే పెద్దవాళ్ళు ఎవరు, అందరికంటే చిన్నవాళ్ళు ఎవరు. నడి వయసు వాళ్ళం ఎక్కడైనా సర్దుకుంటాం. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారూ, నీళ్ళు కనపడితే పరిగెత్తే నాలుగేళ్ళ పిల్లాడూ సర్దుకోలేరు. కాబట్టి టాయిలెట్ ఎలాంటిది, టెంట్ నుంచి ఎంత దూరం, టెంట్ ముందున్న నీళ్ళలో అలలున్నాయా లేవా అన్న ప్రశ్నలకు జవాబు దొరికాకే ఫొటోల జోలికి వెళ్ళాలి.

మంగో బ్రష్: నాకు ఇష్టమైనది, అందరికీ చెప్పనిది

ముందు పేరు సంగతి. మామిడి పండుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. మా నాన్న పేరు విని "మామిడి తోపా?" అని సంబరపడ్డారు. అక్కడికి వెళ్ళి చూస్తే పేపర్‌బార్క్ చెట్లు. బెరడు పాత పుస్తకంలో పేజీల్లా పొరలు పొరలుగా ఊడి వస్తుంటుంది.

సిడ్నీ పశ్చిమ శివార్ల నుంచి మూడు గంటల పైచిలుకు ప్రయాణం. మయాల్ లేక్స్ 1972లో నేషనల్ పార్కు అయింది. 1999 నుంచి అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో ఉంది, మన కొల్లేరులాగే. క్యాంప్‌గ్రౌండ్ బొంబా బ్రాడ్‌వాటర్ అనే సరస్సుకు తూర్పు ఒడ్డున ఉంటుంది. అంటే సాయంత్రం సూర్యుడు సరిగ్గా మన కళ్ళ ముందే నీళ్ళలోకి దిగుతాడు. వాట్సాప్‌లో తిరిగే ఫొటోల్లో సగం ఇక్కడివే. వెనక్కి తిరిగి రోడ్డు దాటి దిబ్బ ఎక్కితే సముద్రం.

సరస్సు నీళ్ళు టీ రంగులో ఉంటాయి. మురికి కాదు. చెట్ల ఆకులూ బెరడూ నాని దిగిన రంగు. "ఒరేయ్, ఇది టీ డికాషన్‌లా ఉందేమిట్రా, ఇందులో దిగమంటావా?" అని నాన్న ఒడ్డున చెప్పులు విప్పి పావుగంట నిలబడ్డారు. దగ్గర్లోని ఊరి పేరు టీ గార్డెన్స్ అని చెప్పాక నవ్వి దిగారు. మోకాలి లోతు నీళ్ళే చాలా దూరం పోతాయి, అడుగున మెత్తటి ఇసుక. దోసిట్లోకి తీసుకుంటే పలచటి బంగారు రంగు, పాదాల దగ్గర చూస్తే బెల్లం పాకం రంగు. చిన్నపిల్లలకు ఇంతకంటే నెమ్మదైన నీళ్ళు ఈ తీరంలో దొరకడం కష్టం. అయినా కన్ను తీయకూడదు, టీ రంగు నీళ్ళలో నడుం లోతు దాటితే అడుగు కనపడదు. వేసవిలో అప్పుడప్పుడు నీలి ఆకుపచ్చ నాచు పట్టి, నీళ్ళలో దిగొద్దని హెచ్చరికలు పెడతారు. బయల్దేరే ముందు పార్కు వాళ్ళ వెబ్‌సైట్‌లో అలర్ట్స్ చూసుకోండి.

ఇక చేదు సంగతులు. స్నానానికి షవర్లు లేవు. టాయిలెట్లు ఫ్లష్ లేనివి, గుంట మీద కట్టినవి. తాగే నీళ్ళు మనమే మోసుకెళ్ళాలి. మనిషికి రోజుకు తాగడానికీ వంటకీ కలిపి అయిదు లీటర్లు వేసుకుంటాను, గిన్నెలు కడగడానికి వేరే. నలుగురం మూడు రోజులుంటే 20 లీటర్ల క్యాన్లు నాలుగు. డిక్కీలో సగం వాటికే పోతుంది. మన అలవాట్లకు మగ్గు కావాలి, దానికి నీళ్ళు సరస్సులోంచి తెచ్చుకోవచ్చు. ఇవి ఎవరూ రాయరు గానీ ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ట్రిప్ బాగుందా లేదా అన్నది ఇక్కడే తేలిపోతుంది. మా నాన్న కాబట్టి సర్దుకున్నారు. అత్తగారిని ఇక్కడికి తీసుకెళ్ళే ధైర్యం నాకు లేదు.

దారి విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. మంగో బ్రష్‌కి రెండు దార్లు. టీ గార్డెన్స్, హాక్స్ నెస్ట్ మీదుగా వచ్చే దారి మొదటిది. బులాడీలా దగ్గర హైవే దిగి, బొంబా పాయింట్ దగ్గర కేబుల్ ఫెర్రీ ఎక్కి వచ్చేది రెండోది. ఈ ఫెర్రీ మన గోదావరి పంట్లకు దూరపు చుట్టం అనుకోండి, కార్లను ఎక్కించుకుని తాడు పట్టుకుని అవతలికి లాగుతుంది. పిల్లలకు భలే సరదా. కానీ అది పగటిపూటే నడుస్తుంది, సాయంత్రానికి కట్టేస్తారు. ఓ శుక్రవారం ఆఫీసయ్యాక బయల్దేరి, మ్యాప్ చెప్పినట్టల్లా తిప్పి, చీకట్లో ఫెర్రీ రేవు దగ్గర ఆగాం. అవతలి ఒడ్డు కనపడుతోంది. గేటు మూసి ఉంది. మళ్ళీ హైవే ఎక్కి, చుట్టూ తిరిగి, హాక్స్ నెస్ట్ మీదుగా వచ్చేసరికి గంట పైనే పట్టింది. రాత్రి పదకొండుకి హెడ్‌లైట్ల వెలుగులో టెంట్ మేకులు కొడుతుంటే పక్క టెంట్ వాళ్ళు చూసిన చూపు ఇంకా గుర్తుంది. సాయంత్రం వెళ్ళేవాళ్ళు హాక్స్ నెస్ట్ దారే పట్టండి.

ఇక్కడి జంతువుల గురించి ఓ మాట. గొయానాలు అంటే మన ఉడుము జాతే, కానీ మనిషంత పొడుగు దాకా పెరుగుతాయి. అవి టెంట్ల మధ్య తహసీల్దారులా తనిఖీకి తిరుగుతుంటాయి. మొదటిసారి ఒకటి మా బల్ల దగ్గరికి వచ్చి, నాలుక ఆడించి వాసన చూసి, మూత సరిగ్గా పెట్టని డబ్బాలోంచి ఉడకబెట్టిన గుడ్లు ఒక్కొక్కటే మింగింది. తొందర లేదు, బెదురు లేదు. ఆరో గుడ్డు అయ్యాక చెట్టెక్కి పడుకుంది. మా అబ్బాయి లెక్కపెడుతూ నిలబడ్డాడు. డింగోలు (ఇక్కడి అడవి కుక్కలు) కూడా తిరిగే చోటు కాబట్టి తిండి బయట వదలకూడదు, చిన్నపిల్లల్ని ఒంటరిగా పంపకూడదు. రాత్రి అన్నీ కారులో పెట్టి తాళం వేయడమే.

నడవాలనుకుంటే క్యాంప్‌గ్రౌండ్ పక్కనే ఉన్న వర్షారణ్యంలో ఒకటిన్నర కిలోమీటర్ల చుట్టు బాట ఉంది, ఎంత ఎండలోనైనా చల్లగా ఉంటుంది. కారులో కొంచెం దక్షిణంగా వస్తే డార్క్ పాయింట్. ఇసుక కొండలు దాటి సముద్రం మీదికి చొచ్చుకుపోయిన రాతి కొన దాకా నడవొచ్చు. ఇది ఇక్కడి ఆదివాసులైన వొరిమి ప్రజలకు పవిత్రమైన చోటు. వేల ఏళ్ళుగా వాళ్ళు కూడి విందులు చేసుకున్న గవ్వల దిబ్బలు ఇంకా అక్కడ ఉన్నాయి. బాట వదిలి తొక్కకండి, గవ్వలు ఏరకండి.

ద రూయిన్స్: మొదటిసారి వెళ్ళేవాళ్ళకు

అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి ఉంటేనో, ఇంతకుముందెప్పుడూ టెంట్‌లో పడుకోకపోతేనో ఆలోచించకుండా ఇక్కడికే వెళ్ళండి. వేడినీళ్ళ షవర్లున్నాయి, ఫ్లష్ టాయిలెట్లున్నాయి. ఫోర్స్టర్ ఊరు (స్థానికులు ఫోస్టర్ అంటారు) కారులో పావుగంట, ఇరవై నిమిషాల్లో ఉంటుంది. సూపర్ మార్కెట్, మందుల షాపు, పెట్రోలు, ఐసు అన్నీ అక్కడ దొరుకుతాయి. పెరుగు అయిపోతే వెళ్ళి తెచ్చుకోవచ్చు. ఈ ఒక్క వాక్యం మా ఇంట్లో ఎన్నో వాదనలను ముగించింది.

బూటి బూటి నేషనల్ పార్కంతా దాదాపు సన్నటి నేల పట్టీ. తూర్పున సెవెన్ మైల్ బీచ్, పడమర వాలిస్ లేక్. క్యాంప్‌గ్రౌండ్ ఈ బీచ్‌కి దక్షిణపు కొసన, బూటి కొండ నీడలో ఉంటుంది. దక్షిణపు గాలి లేచినప్పుడు ఆ కొండ కొంత అడ్డు కాస్తుంది. చుట్టూ క్యాబేజ్ పామ్ చెట్లు, దూరం నుంచి చూస్తే మన తాటి తోపులా ఉంటాయి. మా అమ్మ మొదటి మాట "ముంజలు కాస్తాయా?"

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. దీన్ని సరస్సు ఒడ్డు క్యాంపింగ్ అనుకుని రాకూడదు. టెంట్ల పక్కన ఉన్నది సముద్రం. సరస్సుకి వెళ్ళాలంటే లేక్స్ వే అనే రోడ్డు దాటాలి, దాని మీద బళ్ళు వేగంగా పోతుంటాయి. పిల్లల్ని చెయ్యి పట్టుకుని దాటించాలి. రాత్రిపూట బళ్ళ శబ్దం కూడా కొంత వినపడుతుంది. బీచ్ అందంగా ఉంటుంది, తెల్లారగట్ల సముద్రంలోంచి సూర్యుడు లేవడం చూడొచ్చు. కానీ క్యాంప్‌గ్రౌండ్ ముందున్న ఆ తీరంలో లైఫ్‌గార్డుల కాపలా లేదు. సముద్ర స్నానం చేయాలంటే కొద్ది దూరంలోని ఎలిజబెత్ బీచ్‌కి వెళ్ళండి. సీజన్‌లో, సెలవుల్లో అక్కడ కాపలా ఉంటుంది. ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగండి.

ఈ మాట గట్టిగా చెప్పాలి. మనలో చాలామందికి ఈత రాదు. వచ్చినా చెరువుల్లోనో కాలవల్లోనో నేర్చుకున్న ఈత. ఇక్కడి సముద్రంలో రిప్ అనే ప్రవాహం ఉంటుంది, ఒడ్డు నుంచి లోపలికి లాక్కుపోతుంది. కొత్తవాళ్ళను మోసం చేసేదేమిటంటే, అలలు విరగకుండా ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనపడే చోటే సాధారణంగా రిప్ ఉండే చోటు. "ఇటు అలలు లేవు, ఇక్కడ దిగుదాం" అనుకోవడమే ప్రమాదం. అందులో చిక్కితే ఎదురీదకూడదు. తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. మోకాళ్ళ దాకానే అని చెప్పి దిగే చీరల ఫొటో సెషన్లు కూడా జెండాల మధ్యే పెట్టుకోండి.

పెద్దవాళ్ళకు ఇక్కడ కాలక్షేపానికి లోటు లేదు. టియోనాలో గ్రీన్ కెథీడ్రల్ అని సరస్సు ఒడ్డున చెట్ల కింద ఆరుబయటి ప్రార్థనా స్థలం ఉంది. 1940 నుంచి ఉంది. గోడలూ కప్పూ లేవు, చెట్ల మొదళ్ళ మధ్య చెక్క బెంచీలు, ఎదురుగా వాలిస్ లేక్. మా అమ్మ చెప్పులు విడిచి వెళ్ళి అరగంట అక్కడే కూర్చుంది. కాళ్ళలో సత్తువ ఉన్నవాళ్ళు బూటి కొండ చుట్టూ సరస్సు వెంట ఏడు కిలోమీటర్ల నడక వేయొచ్చు. ఫోర్స్టర్ పక్కన కేప్ హాక్ మీద టవర్ ఎక్కితే సముద్రం, సరస్సు, మధ్యలో ఈ పట్టీ అంతా ఒక్క చూపులో కనపడతాయి. మెట్లు మాత్రం చాలా ఉన్నాయి, నాన్న కింద బెంచీ మీదే ఆగిపోయారు.

ఇక్కడ నేను చేసిన తప్పు దోసె పిండి. ఇంట్లో రుబ్బి, డబ్బా మూత బిగించి, ఎస్కీలో (ఐసు పెట్టెలో) చోటు లేక డిక్కీలో పెట్టాను. జనవరి ఎండ, మూడున్నర గంటల ప్రయాణం. డిక్కీ తెరిచేసరికి పిండి పొంగి, మూత ఎగిరి, స్లీపింగ్ బ్యాగుల మీద సాఫీగా పరుచుకుని ఉంది. ఆ పులుపు వాసన మూడు రాత్రులూ మాతోనే పడుకుంది.

హోబార్ట్ బీచ్: దూరం, కానీ అన్నీ ఒకేచోట

టాస్మేనియా హోబార్ట్‌తో తికమక పడకండి. ఇది న్యూ సౌత్ వేల్స్ దక్షిణ తీరంలో, టాత్రా, మెరింబులా ఊళ్ళ మధ్య, వాలగూట్ లేక్ దక్షిణపు ఒడ్డున ఉంది. సిడ్నీ నుంచి కారులో ఆరు గంటల పైమాటే, పిల్లలతో అయితే ఎనిమిది. కాబట్టి రెండు రోజుల వీకెండ్‌కి దీని ఊసే వద్దు. కనీసం నాలుగు రాత్రులు ఉంటేనే. కాన్‌బెర్రాలో ఉన్న తెలుగువాళ్ళకు మాత్రం లెక్క వేరు. మూడు గంటల్లో వెళ్ళిపోవచ్చు, వాళ్ళు మొదట చూడాల్సింది ఇదే. కూమా మీదుగా వచ్చేవాళ్ళు బ్రౌన్ మౌంటెన్ దిగేటప్పుడు ఘాట్ రోడ్డు మలుపులుంటాయి, వాంతులయ్యే పిల్లలుంటే ముందే నిమ్మకాయ, కవర్లు సిద్ధం పెట్టుకోండి.

వేడినీళ్ళ షవర్లు, ఫ్లష్ టాయిలెట్లు ఉన్నాయి. సరస్సు టెంట్ల ముందే. అంటే మంగో బ్రష్‌లోని నీళ్ళూ ద రూయిన్స్‌లోని సౌకర్యాలూ ఒకేచోట దొరుకుతాయి, దానికి మనం కట్టే ధర దూరం. వాలగూట్ ముఖద్వారం ఎక్కువగా ఇసుకతో మూసుకుపోయి ఉంటుంది, అందుకే సరస్సు నెమ్మదిగా, లోతు తక్కువగా ఉంటుంది. పొద్దున్నే కంగారూలు టెంట్ల మధ్య గడ్డి మేస్తుంటాయి. ఇండియా నుంచి వచ్చినవాళ్ళకు జూ టికెట్ డబ్బులు మిగిలినట్టే.

దీని అసలు అందం క్యాంప్‌గ్రౌండ్‌లో కాదు, అక్కడి నుంచి నడిచి వెళ్ళే బోర్న్‌డా లగూన్ దగ్గర ఉంది. చిన్న మడుగు, దాని ముందు ఇసుక, ఇసుక అవతల సముద్రం, ఆటు వేళ నడిచి వెళ్ళగలిగే బోర్న్‌డా ఐలండ్. పిల్లలు మడుగులో, పెద్దవాళ్ళు ఇసుక మీద నీడ గుడారం కింద, ఇక అంతే, రోజు గడిచిపోతుంది. ద్వీపం మీదికి వెళ్ళేవాళ్ళు పోటు వేళలు ముందే చూసుకోండి, లేకపోతే అవతలే ఉండిపోతారు. నడక పిచ్చి ఉన్నవాళ్ళకు టాత్రా వైపు నుంచి తొమ్మిది కిలోమీటర్ల కంగరూతా బాట ఉంది. టాత్రాలో 1860ల నాటి చెక్క వార్ఫ్ (ఓడల రేవు) ఇంకా నిలబడి ఉంది, గాలం వేసేవాళ్ళతో కబుర్లు చెప్పొచ్చు.

మెల్బోర్న్ వాళ్ళు ఇంత దూరం రావద్దు. వాళ్ళకు గిప్స్‌ల్యాండ్‌లో ద లేక్స్ నేషనల్ పార్కు, అందులో ఎము బైట్ క్యాంప్‌గ్రౌండ్ ఉన్నాయి, నైంటీ మైల్ బీచ్ దగ్గర్లోనే. నేను దాన్ని ఈ పోలికలోకి తేలేదు.

ఎక్కడికెళ్ళినా తప్పనివి

బుకింగ్ ముందే ఆన్‌లైన్‌లో చేసుకోవాలి. వెళ్ళి చూద్దాం, ఏదో ఒక మూల ఇస్తారులే అంటే కుదరదు. క్రిస్మస్ నుంచి జనవరి చివరి దాకా, ఈస్టర్‌కి, లాంగ్ వీకెండ్లకి నెలల ముందే నిండిపోతాయి. మూడు నాలుగు కుటుంబాలు కలిసి వెళ్తుంటే ఒకరు కూర్చుని అందరి టెంట్ సైట్లూ ఒకేసారి పక్కపక్కన తీసుకోవడం మేలు. "మీరు చేయండి, మేం తర్వాత చేస్తాం" అన్నారంటే వాళ్ళ టెంట్ అవతలి చివర పడుతుంది, అలకలు మొదలవుతాయి. పార్కులోకి కారు తెచ్చినందుకు రోజువారీ రుసుము కొన్నిచోట్ల విడిగా ఉంటుంది, బుక్ చేసేటప్పుడే చూసుకోండి. కుక్కల్ని తీసుకురాకూడదు. కట్టెలు అడవిలో ఏరకూడదు.

వంట గ్యాస్ స్టవ్ మీదే. ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్ళొచ్చు గానీ పొద్దున్నే ఆరింటికి విజిల్ వేయించకండి. మేం వేయించాం. నాలుగో విజిల్‌కి పక్క టెంట్‌లోంచి ఒకాయన ఏదో పేలుతోందనుకుని చెప్పుల్లేకుండా బయటికొచ్చాడు. తర్వాత ముద్దపప్పు, ఆవకాయ పెట్టి రాజీ చేసుకున్నాం. వాన వచ్చినా, చలేసినా స్టవ్ టెంట్ లోపల పెట్టొద్దు. విషవాయువు చేరుతుంది, నిప్పు అంటుకుంటే బయటపడే వ్యవధి ఉండదు. ఎండ ముదిరి టోటల్ ఫైర్ బ్యాన్ పెట్టిన రోజు గ్యాస్ స్టవ్ మీదా ఆంక్షలుంటాయి, అక్కడి బోర్డు చదవండి. అలాంటి రోజు కోసం పులిహోర, చపాతీలు, గోంగూర పచ్చడి లాంటివి ఒక పూటకు సరిపడా ఉంచుకోండి.

పిడుదుల సంగతి మనవాళ్ళు తేలిగ్గా తీసుకుంటారు. ఈ తూర్పు తీరమంతా పెరాలిసిస్ టిక్ అనే పిడుదు ఉంటుంది. గడ్డిలో, పొదల్లో నడిచాక పిల్లల చెవుల వెనక, తలలో, చంకల్లో వెతకాలి. దొరికితే గోళ్ళతో గిల్లి పీకకూడదు. నొక్కితే దాని లాలాజలం ఒంట్లోకి ఇంకా ఎక్కుతుంది. మందుల షాపుల్లో పిడుదును గడ్డకట్టించి చంపే స్ప్రే అమ్ముతారు, అది కొట్టి అలాగే వదిలేయాలి. చచ్చాక అదే రాలిపోతుంది. ఊపిరాడకపోవడం, ముఖం వాయడం లాంటివి కనపడితే వెంటనే ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 000కి ఫోన్ చేయాలి. మాంసప్రియులు ఇంకో మాట వినాలి. పిడుదు కాట్ల వల్ల కొందరికి మటన్ లాంటి క్షీరదాల మాంసం పడకుండా పోతుంది. మటన్ తిన్న కొన్ని గంటలకు దద్దుర్లు, కొందరికి అంతకంటే పెద్ద రియాక్షన్లు కూడా వస్తాయి. ఈ ముక్క చెప్పాక మా స్నేహితుడొకడు ఎండాకాలంలోనూ పొడుగు ప్యాంటు, సాక్సుల్లోకి దోపి మరీ తిరుగుతున్నాడు.

టెంట్ వేసే చోటు గురించి ఒకటే మాట: పెద్ద యూకలిప్టస్ కొమ్మ కింద వేయొద్దు. గాలి లేకపోయినా ఆ కొమ్మలు విరిగి పడతాయి. సరస్సు అంచున మరీ నీళ్ళకు ఆనుకుని కూడా వద్దు, పెద్ద వానలు పడితే నీళ్ళు ఎగదన్నుతాయి. కయాక్ తీసుకెళ్ళేవాళ్ళు పొద్దున్నే తిరిగి రావాలి. వేసవి మధ్యాహ్నాల్లో ఈశాన్యపు గాలి లేచి, అద్దంలా ఉన్న సరస్సులో చిన్న అలలు పుడతాయి, తిరుగు తెడ్డు కష్టమవుతుంది.

మరి ఏది?

ఇంట్లో పెద్దవాళ్ళుంటే, మొదటి ట్రిప్ అయితే, లేదా భార్యాభర్తల్లో ఒకరికి అసలు ఇష్టం లేకుండా బయల్దేరుతుంటే ద రూయిన్స్. వేడినీళ్ళ స్నానం దొరికిన మనిషి మిగతావన్నీ క్షమిస్తాడు. నాలుగైదు రోజుల సెలవు దొరికి, చిన్నపిల్లలుండి, డ్రైవింగ్‌కి ఇద్దరుంటే హోబార్ట్ బీచ్. కాన్‌బెర్రా వాళ్ళకైతే ఎప్పుడైనా అదే.

మంగో బ్రష్ మాత్రం అంతకుముందు రెండుమూడు సార్లు టెంట్‌లో పడుకుని, షవర్ లేకపోతే సరస్సు ఉందిగా అనుకునేవాళ్ళకు. అందమైన చోటు ఏదని అడిగితే నా ఓటు దానికే. కానీ కొత్తవాళ్ళను అక్కడికి తీసుకెళ్ళి, వాళ్ళు ఇక జన్మలో క్యాంపింగ్ అనకుండా చేసిన పాపం నాకు ఇప్పటికే ఒకసారి చుట్టుకుంది. అక్కడికి వెళ్ళాల్సిన కాలం కూడా నడి వేసవి కాదు. ఏప్రిల్‌లో దోమలు తగ్గుతాయి, నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉంటాయి. ఈస్టర్ వారం దాటించి వెళ్తే సరస్సు ఒడ్డు సైట్ దొరికే అవకాశం ఎక్కువ.

ఈ సంక్రాంతికి అత్తగారూ మామగారూ వస్తున్నారు, ద రూయిన్స్‌లో షవర్లకు దగ్గరి సైట్ తీసుకున్నాం. దోసె పిండి ఈసారి ఎస్కీలో, సగం డబ్బాకే. ఏప్రిల్‌కి మంగో బ్రష్ బుకింగ్ విడిగా చేశాను, దానికి నేనూ మా అబ్బాయీ మాత్రమే. గుడ్ల డబ్బాకి క్లిప్పులున్న మూత కొన్నాడు వాడు.